నాలుగో అధ్యాయంలో చనిపోయిన అక్క

"నూట నలభై తర్వాత ఎంతండీ?" అని అడిగాడు స్క్వాడ్.

ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకుని, ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "నూట నలభై ఒకటి."

"మీ శిష్యురాలి థీసిస్‌లో మాత్రం నూట యాభై."

బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. ఒక వైపే అచ్చు వేసిన కాగితాలు. ఎడమ పక్క నూట నలభయ్యోదాని ఖాళీ వెనక వైపు, కుడి పక్క నూట యాభయ్యోది. మధ్యలో తొమ్మిది కాగితాలు మాయం. అప్పుడు గడియారంలో పదకొండూ పది అయింది. సరిగ్గా మూడు గంటలకు కింది హాల్లో ఆ థీసిస్ మీద వైవా. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఎవరైనా ప్రశ్న అడగవచ్చు.

స్క్వాడ్ అసలు పేరు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్లు పరీక్షల స్క్వాడులో పనిచేసి, మేజోళ్లలోంచీ, జడల్లోంచీ, ఒకసారి చేతికట్టు లోపలినుంచీ చీటీలు లాగిన మనిషి. రిటైరయ్యాక డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నా జనం పాత పేరే ఉంచేశారు. సాహిత్య విభాగంలో పేజీలు పోయాయని ప్రొఫెసర్ కబురు పెట్టగానే, ఇదెంత పని, భోజనాల వేళకి ఇంట్లో ఉంటానని భార్యకు చెప్పి మరీ వచ్చాడు. అలా చెప్పడమే ఆయన చేసిన మొదటి తప్పు.

"మొదటినుంచి చెప్పండి. థీసిస్ దేని మీద?"

"సొంత పేరు దాచుకుని, వేరేవాళ్ల పేరుతో బతికిన ఏడుగురు ఆడవాళ్ల జీవిత కథలు. వాళ్లు తమ కథను తామెలా చెప్పుకుంటారు, అందులో ఏ 'నేను' మాట్లాడుతుంది, సమాజం ఏ 'నేను'ని ఒప్పుకుంటుంది అని. అమ్మాయి ఐదేళ్లు కష్టపడింది. పుస్తకంలో అందరి పేర్లూ మార్చింది. అసలు పేర్లు తనకొక్కదానికే తెలుసు. నాక్కూడా చెప్పలేదు. అది మా పద్ధతి."

"పోయిన తొమ్మిది పేజీల్లో ఏముంది?"

"నాలుగో ఆమె కథ. వాళ్ల అక్క చనిపోతే, ఆ అక్క సర్టిఫికెట్లతో, అక్క పేరుతో ఉద్యోగంలో చేరిపోయింది. ఇప్పటికీ అదే పేరుతో చేస్తోంది. అక్క చావు గురించిన భాగమంతా ఆ పేజీల్లోనే ఉంది."

"పుస్తకం మీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"సోమవారం పొద్దున పదింటికి. మంగళవారం సాయంత్రం నూట నలభై నాలుగో పేజీ చదివి పెన్సిల్‌తో టిక్కు కూడా పెట్టాను. బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈ రోజు గురువారం. పదిన్నరకి వచ్చేసరికి తలుపు కింద ఈ చీటీ ఉంది. అనుమానం వచ్చి పుస్తకం తీస్తే ఇలా ఉంది."

చీటీ అంటే రెండు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు ఉన్న కాగితం ముక్క. దాని మీద గుండ్రటి అక్షరాలతో, 'నాలుగో అధ్యాయంలో రాసింది నిజం కాదు' అని ఒకే వాక్యం ఉంది. స్క్వాడ్ దాన్ని ఒకసారి చదివి పక్కన పెట్టేశాడు. చీటీలు చదివి చదివి ఆయనకు వాటిమీద గౌరవం పోయింది.

"మధ్యలో పుస్తకం ఈ గది దాటి వెళ్లలేదు కదా?"

"లేదు," అన్నాడు ప్రొఫెసర్. ప్రశ్న పూర్తికాకముందే అన్నాడు. స్క్వాడ్ ఆ తొందరను మనసులో రాసుకున్నాడు.

పుస్తకాన్ని కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి, కాగితాలు పోయినచోట రెండు బొటనవేళ్లతో విప్పి చూశాడు. పుస్తకాల్లోంచి కాగితాలు చింపడంలో పిల్లలు పడే పాట్లన్నీ ఆయనకు తెలుసు. బ్లేడుతో కోసినా, తడి దారం పెట్టి లాగినా, కుట్టు దగ్గర మొదలు మిగులుతుంది. సన్నటి అంచైనా మిగలాలి. ఇక్కడ గోరంత అంచు కూడా లేదు. ఆ తొమ్మిది కాగితాలు అసలు ఎప్పుడూ అక్కడ లేనంత శుభ్రంగా ఉంది. మరి ప్రొఫెసర్ మంగళవారం టిక్కు పెట్టింది దేనిమీద?

లోపలి అట్ట మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా, కొంచెం తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పిండి జిగురు వాసన వచ్చింది. సోమవారం వచ్చిన పుస్తకం గురువారానికి ఇంకా ఆరకపోవడం ఏమిటి?

"దెయ్యాలు బైండింగ్ కూడా నేర్చుకున్నాయా ఏమిటి," అని గొణుక్కున్నాడు. అప్పుడే, ఆఫీసులో సంగతి విన్న విజిలెన్స్ అధికారి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

ఈ విజిలెన్స్ ఒకప్పుడు స్క్వాడ్ కింద పనిచేసినవాడే. చీటీలు పట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక గురువుగారి కన్నా నాలుగాకులు ఎక్కువ చదివానని లోకానికి చెప్పుకుంటూ తిరిగాడు. ఇప్పుడు యూనివర్సిటీలో ఏ పుస్తకం ఎవరు కాపీ కొట్టారో, ఏ సర్వే ఎవరు ఇంట్లో కూర్చుని నింపారో తేల్చే అధికారం ఆయనది.

"అన్నగారూ, మీరెప్పుడొచ్చారు? ఇంట్లో మనవళ్ల హోంవర్కు దిద్దుతున్నారేమో అనుకున్నా."

"అది అయిపోయింది తమ్ముడూ. మిగిలినవాళ్లవి దిద్దుదామని వచ్చా."

విజిలెన్స్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రొఫెసర్ వైపు తిరిగాడు. "నేను సుత్తి కొట్టను. ఏడుగురిలో ఆరుగురు సంతకం పెట్టిన అంగీకార పత్రాలు మీ ఆఫీసులో ఉన్నాయి. నాలుగో ఆమెది లేదు. ఎందుకు లేదో తెలుసా? ఆ మనిషే లేదు. ఆరు కథలు దొరికాయి, ఏడోది దొరకలేదు, అమ్మాయి కూర్చుని కల్పించింది. ఎవరో కనిపెట్టి చీటీ పెట్టారు. అమ్మాయి భయపడి పేజీలు తనే లేపేసింది. అయిపోయింది కేసు."

"బీరువా తాళం ప్రొఫెసర్‌గారి జేబులో ఉంది," అన్నాడు స్క్వాడ్.

"ప్రొఫెసర్‌గారు తాళంచెవిని బల్ల మీద వదిలి టీకి వెళ్తారని ఈ మేడలో పిల్లులకు కూడా తెలుసు."

ప్రొఫెసర్ తాళంచెవి కోసం జేబు తడుముకున్నాడు. అది నిజమే కాబోలు.

"అయినా చింపితే అంచు మిగలాలి. లేదు. ఎందుకు లేదో చెప్పు."

"అంచు సంగతి మీరు చూసుకోండి. నాకు మనిషి కావాలి. మూడింటికి హాల్లో అందరి ముందూ ఆ అమ్మాయిని అడుగుతాను. నాలుగో ఆమె పేరు చెబితే సరే. చెప్పకపోతే వైవా ఆపి, కల్పిత కథలు రాసిందని సెనేటుకి పంపిస్తా. మళ్లీ ఏ యూనివర్సిటీ గడపా తొక్కలేదు." అంటూనే చీటీ అందుకున్నాడు. దాన్ని వెలుతురుకు పెట్టి, పొడవాటి అంచుల మీద వేలు నడిపాడు. ఒక అంచు, తర్వాత రెండోది. ఆయన ముఖంలో ఏదో మారింది. "ఇది ఆధారం. నా దగ్గర ఉంటుంది," అని జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

స్క్వాడ్ దృష్టంతా పుస్తకం మీదే ఉంది. చీటీ పోతే పోయిందిలే అనుకున్నాడు. ఆ మాట తలుచుకుని ఆ రోజు రెండుసార్లు తన నెత్తిన తనే మొట్టుకున్నాడు.

పరిశోధకుల గదిలో పన్నెండూ ఐదుకి అమ్మాయి ఒక్కతే ఉంది. బల్ల మీద ఏడు కట్టలుగా అట్టముక్కలు పేర్చుకుని, పై కార్డు చదవడం, అడుగున పెట్టడం చేస్తోంది. తినమని ఎవరో పెట్టిన పొట్లం విప్పకుండా పక్కనే ఉంది.

"పేజీలు నువ్వే తీశావా తల్లీ?"

"నేను తీయాలనుకుంటే అచ్చు వేయకముందే తీసేదాన్ని కదా సార్. అప్పుడైతే పేజీ నంబర్లు కూడా సరిపోయేవి."

స్క్వాడ్‌కి ఆ జవాబు నచ్చింది. ఇరవై రెండేళ్లలో తెలివైన దొంగలు చాలామంది తగిలారు గానీ, ఇంత చిరాకుగా నిజం చెప్పేవాళ్లు తక్కువ.

"నాలుగో ఆమె ఉందా?"

"ఉంది."

"మరి సంతకం?"

అమ్మాయి కార్డులు కింద పెట్టేసింది. "పెట్టిస్తే ఎవరో తెలిసిపోతుంది సార్. సొంత కుటుంబంలో వాళ్ల కథ తీసుకుంటే విభాగానికి ముందే చెప్పాలి. నేను చెప్పలేదు."

స్క్వాడ్ కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నాడు. "ఎవరు?"

"మా అమ్మ."

ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు. వాళ్లమ్మ స్కూల్లో హెడ్మిస్ట్రెస్. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు. ఇంకో రెండు నెలల్లో రిటైర్మెంటు. చిన్నప్పుడు వాళ్లమ్మ చదువులో వెనకబడింది, పెద్దమ్మ మాత్రం ఫస్టు క్లాసు, టీచరు శిక్షణ కూడా పూర్తి చేసింది. ఇరవై ఆరేళ్లకే పెద్దమ్మ పోయింది. పోయిన మూడు నెలలకు ఉద్యోగపు కాగితం ఇంటికొచ్చింది. తాతయ్య ఆ కాగితం చిన్న కూతురి చేతిలో పెట్టి, ఇవాళ్టినుంచి నువ్వే అది అన్నాడు.

"సర్టిఫికెట్ మీద గుర్తు రాస్తారు కదా సార్. గడ్డం కింద పుట్టుమచ్చ అని ఉంది. అమ్మకు లేదు. ముప్ఫై నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి కాటుక పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటుంది. చిన్నప్పుడు అది సోకనుకునేదాన్ని. నాకూ పెట్టమని ఏడ్చాను. చెంప మీద ఒకటి కొట్టింది. అమ్మ నన్ను కొట్టింది ఆ ఒక్కసారే." అమ్మాయి తల వంచుకుంది. "పెద్దమ్మ అమ్మకన్నా మూడేళ్లు పెద్ద. అందుకని అమ్మ మూడేళ్లు ముందే రిటైరవుతోంది. అదొక్కటే దేవుడు వేసిన శిక్ష అని నవ్వుతుంది."

"పెద్దమ్మ ఎలా పోయింది?"

"జ్వరంతో."

"అమ్మ చెప్పిందా, నువ్వు రాశావా?"

అమ్మాయి తడబడింది. "ఒకసారి జ్వరం అంది. ఇంకోసారి కామెర్లు అంది. రెండూ రాస్తే ఆమె మాట నమ్మరేమోనని జ్వరం ఒకటే రాశాను."

"తేదీ?"

"గుర్తులేదంది."

"ఏ ఆస్పత్రి?"

"అదీ అడిగాను. ఏడ్చింది. టేపు ఆపేశాను." కార్డు అంచు గోటితో గీకుతూ అంది, "వేరే ఆరుగురినైతే మళ్లీ మళ్లీ అడిగేదాన్ని సార్. అమ్మను ఎలా అడుగుతాను?"

స్క్వాడ్ లెక్క వేసుకున్నాడు. ఫస్టు క్లాసు పిల్ల, చేతికందిన ఉద్యోగం, తేదీ లేని చావు. రెండు రకాల జబ్బు. చీటీ రాసినవాడికి అసలు సంగతి తెలుసా? ఆ అక్కను ఎవరైనా... ఆలోచన అక్కడే ఆపేశాడు. ఎదురుగా ఉన్న పిల్ల ముఖం చూస్తూ ఆ మాట మనసులో అనుకోవడం కూడా ఆయనకు చేతకాలేదు.

"విజిలెన్స్ మూడింటికి పేరు అడుగుతాడు. తెలుసా?"

"తెలుసు. చెబితే అమ్మ జైలుకెళ్తుంది. చెప్పకపోతే నేను అబద్ధాలకోరునవుతాను. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. ఎన్నింటికి రావాలి అని మాత్రం అడిగింది."

"వస్తోందా?"

"సెలవు పెట్టింది సార్. ముందు వరసలో కూర్చుంటానంది."

"ఆ పేరు నాకు చెప్పు. అమ్మ వాడుకుంటున్న పేరు. నా నోటినుంచి బయటికి రాదు. నువ్వూ అమ్మా ఎవరో కూడా ఎవరితోనూ అనను. ఒట్టు."

అమ్మాయి వంగి చెవిలో చెప్పింది. మామూలు పేరే, ఊరికి పదిమందికి ఉండేదే.

ఒంటిగంటన్నరకు స్క్వాడ్ మళ్లీ ప్రొఫెసర్ గదిలో ఉన్నాడు. నోటుబుక్కులో ఐదు ప్రశ్నలు రాసుకుంటే ఐదింటికీ జవాబు లేదు. హత్యా? బెదిరింపా? అసలు పేజీలు తీసేసి దొంగకు ఏం లాభం? నాశనం చెయ్యాలంటే పుస్తకమే కాల్చేయొచ్చు. బయట పెట్టాలంటే పేజీలు ఉంచాలి. రెండూ చేయకుండా, అచ్చంగా ఆ తొమ్మిది కాగితాలనే, అదీ ఎంతో మర్యాదగా తీసేశాడు. ఈ దొంగ ఎవడో గానీ మంచి పనిమంతుడు.

విసుగొచ్చి పుస్తకం మూసేశాడు. అప్పుడు కనిపించింది. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు. అమ్మాయి పేరు, కింద గైడు పేరు. గైడు పేరు ముందున్న 'ఆచార్య' అన్న మాట మాత్రం మిగతావాటికన్నా ఎక్కువ మెరుస్తోంది.

"ప్రొఫెసర్‌గారూ, ఈ ఆచార్య ఎప్పుడొచ్చాడు?"

ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి. చివరికి కక్కేశాడు. "నిన్న. సోమవారం వచ్చిన కాపీ మీద ఉత్త పేరే ఉంది. వైవాకి బయటినుంచి పరీక్షకులు వస్తారు, హాల్లో బల్ల మీద ఉండే కాపీ ఇదే. బాగుండదని అటెండరు చేత బైండింగ్ షాపుకి పంపాను. బుధవారం పదకొండున్నరకి వెళ్లింది, సాయంత్రం ఐదుకి వచ్చింది. ఆ సంగతి నా నోటితో నేనెలా చెప్పమంటారు?"

"మీ ఆచార్యత్వం కోసం ఒక పిల్ల మెడ మీద కత్తి వేలాడుతోందండీ," అని బీరువా తలుపు ధడాలున వేసి బయటపడ్డాడు. కోపం వస్తే స్క్వాడ్‌కి మోకాళ్ల నొప్పి గుర్తుండదు.

బైండింగ్ షాపు వెనక గేటు పక్క సందులో ఉంది. ఒక చెక్క ప్రెస్సు, గోడకు ఆనించిన అట్టలు, గిన్నెలో ఉడికిన పిండి జిగురు, బల్ల మీద మూరెడు కత్తి. కత్తి పక్కనే, పుస్తకాల అంచులు సమం చేసినప్పుడు రాలిన కాగితపు పట్టీలు గుట్టగా ఉన్నాయి. రెండు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు, అంచులు కత్తితో తెగి నున్నగా ఉన్నాయి. స్క్వాడ్ మొదటిసారి నెత్తిన మొట్టుకున్నది అక్కడే. చీటీ కళ్లముందు పెట్టినా చూడలేకపోయాడు. విజిలెన్స్ వేలితో తడిమి చూశాడు.

యూనివర్సిటీలో అందరూ బైండింగ్ ఆంటీ అని పిలిచే మనిషి తలవంచి పుస్తకం కుడుతోంది. అరవై ఏళ్లుంటాయి. దారం పంటితో కొరికి, "ఎన్ని కాపీలు?" అంది.

"కాపీలు కాదమ్మా. నిన్న ఒక పుస్తకం విప్పి, తొమ్మిది కాగితాలు తీసి, మళ్లీ కుట్టారు."

ఆమె సూది ఆపలేదు. "కుట్టాను. ఎక్కడైనా వంకర వచ్చిందా?"

"రాలేదు. అందుకే ఇంతసేపు పట్టింది. అందులో ఏముందో మీకెలా తెలుసు?"

"అదేం మాట బాబూ. ఈ ఊళ్లో థీసిస్సులన్నీ చదివేది నేనొక్కదాన్నే. గైడ్లు మధ్య మధ్య టిక్కులు పెడతారు, పరీక్షకులు ముందుమాటా ముగింపూ చూస్తారు. నేను కాగితాలు సర్దుతూ మొత్తం చదువుతాను. సోమవారం తొందర పెట్టారు, చదవలేదు. నిన్న చేతికొస్తే చదివాను." సొరుగు లాగి, దారంతో కట్టిన తొమ్మిది కాగితాలు బల్ల మీద పెట్టింది. "బతికున్న మనిషిని జ్వరమొచ్చి చచ్చిందని రాశారు. దానికి నేనే అట్ట కట్టాలా?"

"బతికుందని మీకెవరు చెప్పారు?"

ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది. కిటికీ వెలుతురు నేరుగా ముఖం మీద పడింది. గడ్డం కింద ఎడమ పక్కగా పుట్టుమచ్చ ఉంది. ఉబ్బెత్తుగా, పుట్టుకతో వచ్చిందే.

స్క్వాడ్ బల్ల మీదికి వంగాడు. "మీ పేరేమిటమ్మా?"

ఆమె చెప్పింది. మధ్యాహ్నం ఆ పిల్ల చెవిలో చెప్పిన పేరే.

హత్య లేదు. బెదిరింపు లేదు. స్క్వాడ్ నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు గానీ, చిక్కు విడినట్టు అనిపించలేదు. ఇంకా బిగుసుకుంది.

"ఇంట్లో ఇష్టం లేని మనిషితో వెళ్లిపోయాను. ఉద్యోగం కాగితం వచ్చిన సంగతి నాకు తెలియదు. మూడేళ్ల తర్వాత నా సర్టిఫికెట్లు నాకిమ్మని ఇంటికి పోయాను. మా నాన్న గుమ్మంలోనే నిలబెట్టి, ఆ పేరుగలామె ఉద్యోగంలో ఉంది, నువ్వెవరివి అన్నాడు. ఏం చెప్పను? చదువుకున్నానని చూపించడానికి చేతిలో కాగితం ముక్క లేదు. మా ఆయనకు ఈ పని వచ్చు, నేర్పించాడు. ఆయన పోయాక నేనే చేస్తున్నాను."

"చెల్లెల్ని వెతకలేదా?"

"వెతికితే దొరికేది. దొరికితే ఏం చెయ్యాలో తెలియక వెతకలేదు." ఆమె కాగితాల మీద చెయ్యి వేసింది. "ఇందులో ఉంది చూడండి. రోజూ చుక్క పెట్టుకుంటుందట. చదివి నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు పనిచెయ్యలేకపోయాను. కోపం వచ్చి చీటీ రాసి పొద్దున్నే తలుపు కింద తోశాను. ఒంటిగంటకి ఒక సారొచ్చాడు. చీటీ ఈ పట్టీల పక్కన పెట్టి చూసి, మీరే కదా అన్నాడు. అంతా చెప్పాను. రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు."

స్క్వాడ్ రెండోసారి నెత్తిన మొట్టుకున్నాడు. "ఏ సంతకం?"

"నా సంతకం. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత పెట్టాను. మీ పేరు మీకు ఇప్పిస్తానన్నాడు ఆ సారు. మూడింటికి హాలు బయట కూర్చోమన్నాడు. పిలిచినప్పుడు లోపలికి రావాలట."

"వెళ్లకండమ్మా."

"ఎందుకు?"

"ఒక మనిషి జైలుకెళ్తుంది. ఒక పిల్ల బతుకు పాడవుతుంది."

"ఆ పిల్లకేం సంబంధం? మంచి పిల్ల. అట్ట ఏ రంగుదైతే బాగుంటుందో మీరే చెప్పండాంటీ అని నన్నే అడిగింది. దానికెవరో చెప్పారు, అది రాసింది. తప్పు చెప్పినదానిది."

ఎవరో కాదమ్మా, నీ చెల్లెలి కూతురు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు అడ్డొచ్చింది. చెబితే ఈమె ఆగిపోతుందా, ఇంకా రగిలిపోతుందా అన్నది కూడా తేలలేదు. ఇరవై రెండేళ్లు ఎవరు దొంగో ఒక్క చూపులో చెప్పినవాడికి, ఇప్పుడు ఎదురుగా కూర్చున్నది దొంగో, దొంగతనానికి గురైన మనిషో చెప్పే దమ్ము లేకపోయింది. ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడినా రెండోవాళ్ల పేరు పోతుంది.

"కనీసం ఇవాళ వద్దు," అన్నాడు చివరికి, పేలవంగా.

"ముప్ఫై నాలుగేళ్లుగా ఇవాళ వద్దనే అనుకున్నాను బాబూ." ఆమె సూది గుచ్చి పెట్టి, చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుంది.

రెండూ యాభై ఐదుకి హాలు నిండిపోయింది. బల్ల వెనక ఇద్దరు పరీక్షకులు, పక్కన ప్రొఫెసర్, ముందు మెరిసే ఆచార్యతో సహా ఆ పుస్తకం. అమ్మాయి నిలబడి ఉంది, ముఖంలో రక్తం లేదు. ముందు వరసలో చివరి కుర్చీలో హెడ్మిస్ట్రెస్ చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. గడ్డం కింద నల్లటి చుక్క, ఎడమ పక్క. సరిగ్గా అక్కడే.

స్క్వాడ్ విజిలెన్స్ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "తమ్ముడూ, ఆగు. ఆ కాగితం ఇప్పుడు తియ్యకు. దీని వెనక ఏముందో నీకు తెలియదు."

"మీకు తెలుసా? అయితే చెప్పండి."

స్క్వాడ్ చెప్పబోయాడు, ఒట్టు గుర్తొచ్చింది.

"చూశారా. మీరు పుస్తకం చూశారు అన్నగారూ, నేను చీటీ చూశాను. నేర్పింది మీరే," అని చెయ్యి విడిపించుకుని ముందుకు వెళ్లాడు. గొంతు సవరించుకున్నాడు. "పరీక్షకుల అనుమతితో ఒక్క ప్రశ్న. నాలుగో అధ్యాయంలో కథ చెప్పిన మనిషి అసలు పేరేమిటి?"

అమ్మాయి బల్ల అంచు పట్టుకుంది. కళ్లు మాత్రం పొరపాటున కూడా ముందు వరస వైపు పోకుండా గోడనే చూస్తున్నాయి.

"ఆఖరిసారి అడుగుతున్నాను."

"చెప్పను సార్," అంది అమ్మాయి.

"సరే. అయితే సాక్షినే పిలుస్తాను." విజిలెన్స్ జేబులోంచి సంతకం ఉన్న కాగితం తీసి, తలుపు వైపు తిరిగి, కోర్టులో పిలిచినట్టు ఆ పేరును గట్టిగా పిలిచాడు.

ముందు వరసలో హెడ్మిస్ట్రెస్ లేచి నిలబడింది.

"నేనే," అంది. చేతిసంచీ జారి కింద పడినా చూసుకోలేదు. "ఆ కథ చెప్పింది నేనే. పిల్ల ఏదీ కల్పించలేదు. నా కూతురు అబద్ధం రాయలేదు."

"అమ్మా," అంది అమ్మాయి, వినబడీ వినబడకుండా.

విజిలెన్స్ తెల్లబోయి కాగితం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన పిలిచింది ఈ మనిషిని కాదు. హాల్లో తలలన్నీ ముందు వరస మీదే ఉన్నాయి. తలుపు తెరుచుకున్న సంగతి స్క్వాడ్ ఒక్కడే చూశాడు. బైండింగ్ ఆంటీ గుమ్మంలో నిలబడి ఉంది. పిండి జిగురు మరకల చేత్తో తలుపు పట్టుకుని, నిలబడ్డ మనిషిని చూస్తోంది. గడ్డాన్నీ, దాని కింది చుక్కనూ, ఎదురుగా ఏడుస్తున్న పిల్లనూ చూసింది.

హెడ్మిస్ట్రెస్ అటు తిరిగింది. కుర్చీ వీపు పట్టుకోబోతే అందలేదు.

"మీరెవరు?" అన్నాడు విజిలెన్స్ హెడ్మిస్ట్రెస్‌తో. గొంతులో ధీమా అంతా పోయింది. "ఈ పేరు ఆవిడది కదా. మీరెందుకు లేచారు?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది.

"దాన్నేమీ అనకండి సార్. చిన్నప్పుడూ అంతే. నన్ను పిలిస్తే అది పలికేది."